ఓడ దారి గీయడం: ఎక్కడ గీత ఉండకూడదో తేల్చడమే అసలు పని

ఓడ ఎటు వెళ్లిందో మ్యాప్ మీద గీయడం అంటే వినడానికి పది నిమిషాల పనిలా ఉంటుంది. ఫైల్ నిండా అక్షాంశాలు, రేఖాంశాలు ఉంటాయి, వాటిని వరసగా కలిపితే గీత వస్తుంది, వెనకాల తీరరేఖ పెడితే మ్యాప్ అయిపోతుంది. కమాండ్లు కూడా నాలుగే. కానీ మొదటిసారి రన్ చేసి బొమ్మ తెరిచి చూస్తే ఓడ ఎడారి మీదుగా నడిచిపోతూ ఉంటుంది, లేకపోతే మ్యాప్ ఈ కొస నుంచి ఆ కొస దాకా అడ్డంగా ఒక గీత పాకి ఉంటుంది, లేకపోతే సాఫీగా సాగాల్సిన దారి రంపం పళ్లలా వస్తుంది. ప్రోగ్రామ్‌లో ఏదో బగ్ ఉందనిపిస్తుంది. బగ్ ఏమీ లేదండీ. వరసలో ఉన్న ప్రతి రెండు చుక్కల మధ్యా గీత గీయమన్నారు, అది గీసింది.

అసలు మన దగ్గర ఉన్నది దారి కాదు, చుక్కలు మాత్రమే. ఫలానా క్షణంలో ఓడ ఫలానా చోట ఉందని చెప్పే చుక్కలు. వాటి మధ్య ఏం జరిగిందో ఫైల్‌లో ఉండదు, ఆ ఖాళీని గీతతో పూడ్చేది మనమే, అంటే ప్రతి గీత ముక్కా మనం చేస్తున్న ఒక వాదన. అందుకే ట్రాక్ గీయడంలో ముప్పాతిక వంతు పని ఏ రెండు చుక్కల మధ్య గీత రాకూడదో ప్రోగ్రామ్‌కి చెప్పడమే. మిగతా పావు వంతు రంగులు, అంచులు, స్కేలు.

ఈ పనికి చాలా టూల్స్ ఉన్నాయి కానీ ఇక్కడ మాట్లాడేది జీఎంటీ గురించి, పూర్తి పేరు జెనరిక్ మ్యాపింగ్ టూల్స్. కొలంబియా యూనివర్సిటీకి చెందిన లామాంట్ అబ్జర్వేటరీలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు, పాల్ వెస్సెల్, వాల్టర్ స్మిత్, 1980ల చివర్లో దీన్ని మొదలుపెట్టారు, 1991లో ఉచితంగా అందరి చేతికీ ఇచ్చారు. ఇద్దరూ సముద్ర గర్భం మీద పనిచేసేవాళ్లు, పరిశోధన ఓడలు తెచ్చిన డేటాని గీసుకోవడం వాళ్ల రోజువారీ అవసరం, కాబట్టి ఓడల ట్రాక్ అనేది దీనికి తర్వాత తగిలించిన ఫీచర్ కాదు, పుట్టుకలోనే ఉంది. మౌస్‌తో నొక్కే బటన్లు ఏమీ ఉండవు. టెర్మినల్‌లో టైప్ చేయాలి లేదా స్క్రిప్ట్ రాసి రన్ చేయాలి. ఇది చాలామందిని వెనక్కి నెట్టేసే విషయమే, కానీ రెండు వందల ప్రయాణాల ఫైళ్లు ఉన్నప్పుడు, ప్రతి వారం కొత్త డేటా వచ్చి పడుతున్నప్పుడు, ఆరు నెలల తర్వాత ఎవరో వచ్చి ఈ మ్యాప్ ఎలా గీశారు అని అడిగినప్పుడు, ఆ స్క్రిప్టే మిమ్మల్ని కాపాడుతుంది. మౌస్‌తో ఎక్కడ ఏం నొక్కామో ఎవరికి గుర్తుంటుంది!

ఆ నాలుగు కమాండ్లు

2019లో వచ్చిన ఆరో వెర్షన్‌తో మోడర్న్ మోడ్ అని ఒకటి తెచ్చారు, కొత్తగా నేర్చుకునేవాళ్లు నేరుగా దాంట్లోకి వెళ్లడమే మంచిది. మొదటి లైన్ జీఎంటీ బిగిన్, దాని పక్కన బొమ్మకి ఒక పేరు, ఏ ఫార్మాట్ కావాలో అది, అంటే పీఎన్‌జీనో పీడీఎఫ్‌నో. రెండో లైన్ కోస్ట్, ఇది తీరరేఖ గీస్తుంది. మూడోది ప్లాట్, దీనికి మీ ఓడ ఫైల్ ఇచ్చి గీత మందం, రంగు చెప్తారు. నాలుగోది ఎండ్. లోపల ఇదంతా పోస్ట్‌స్క్రిప్ట్ అనే, పేజీని వర్ణించే భాషలో తయారవుతుంది, చివర్లో ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్ దాన్ని మీరడిగిన బొమ్మగా మారుస్తుంది. వరసలో తర్వాత వచ్చింది పైన పడుతుంది, కాబట్టి ప్లాట్ ముందు రాసి కోస్ట్ తర్వాత రాస్తే నేలకి వేసిన రంగు మీ గీతని కప్పేస్తుంది.

ఆప్షన్లన్నీ హైఫన్ పక్కన ఒక్క అక్షరంతో మొదలవుతాయి. పెద్ద ఆర్ అంటే ప్రాంతం: పడమర, తూర్పు, దక్షిణం, ఉత్తరం హద్దులు, ఇదే వరసలో. పెద్ద జే అంటే ప్రొజెక్షన్, గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి తెచ్చే పద్ధతి. పెద్ద డబ్ల్యూ అంటే గీత తీరు. కోస్ట్‌లో ఆర్, జే ఒకసారి ఇస్తే తర్వాతి కమాండ్లు గుర్తుపెట్టుకుంటాయి, మళ్లీ రాయక్కర్లేదు. పాత పుస్తకాల్లోనూ పాత స్క్రిప్టుల్లోనూ పీఎస్‌కోస్ట్, పీఎస్‌ఎక్స్‌వై అని కనిపిస్తాయి, అవి ఇవే, పాత మోడ్ పేర్లు. ఆ మోడ్‌లో పెద్ద కే, పెద్ద ఓ అని రెండు ఆప్షన్లు ప్రతి లైన్‌కీ సరిగ్గా తగిలించాలి, ఒకటి మర్చిపోతే బొమ్మ సగంలో ఆగిపోయేది. ఆ బాధ ఇప్పుడు లేదు, దాని గురించి ఇంతకంటే అనవసరం.

గీయకముందు ఫైల్‌ని చూడండి

ప్లాట్ కంటే ముందు రన్ చేయాల్సిన కమాండ్ ఇన్ఫో. ఇది ఫైల్‌లో ఎన్ని వరసలున్నాయో, ప్రతి కాలమ్‌లో అతి తక్కువ, అతి ఎక్కువ విలువలేంటో చెప్తుంది. అంతే. కానీ ఆ ఒక్క లైన్‌లో సగం తప్పులు దొరికిపోతాయి.

మొదటిది, ఏ కాలమ్ ముందు, ఏది తర్వాత అన్నది. మామూలుగా మాట్లాడేటప్పుడు అక్షాంశం ముందు చెప్పి రేఖాంశం తర్వాత చెప్తాం, చాలా ఫైళ్లు కూడా అలాగే వస్తాయి. జీఎంటీకి రేఖాంశం ముందు కావాలి, ఎందుకంటే అది అడ్డం, నిలువు అనే లెక్కలో ఆలోచిస్తుంది. తిప్పి ఇస్తే గట్టిగా అరిచి ఆగిపోతుందనుకోవద్దు, రెండు విలువలూ 90 లోపే ఉంటే దానికి అనుమానమే రాదు: ఉత్తర అక్షాంశం 10, తూర్పు రేఖాంశం 60 దగ్గర అరేబియా సముద్రంలో ఉన్న ఓడ హాయిగా నార్వేలో ఓస్లో పక్కన నేల మీద తేలుతుంది. హైఫన్ పక్కన కోలన్ పెడితే మొదటి రెండు కాలమ్‌లు తారుమారవుతాయి. కాలమ్‌లు ఇంకా ఎక్కడెక్కడో ఉంటే చిన్న ఐ ఆప్షన్‌తో ఏ కాలమ్ కావాలో నంబర్లతో చెప్పొచ్చు, లెక్క సున్నా నుంచి మొదలవుతుందని మాత్రం మర్చిపోకూడదు.

రెండోది, 181, 91 అనే అంకెలు. ఈ రోజుల్లో ఓడల డేటాలో ఎక్కువ భాగం ఏఐఎస్ నుంచి వస్తుంది. ఓడలు వీహెచ్ఎఫ్ రేడియో మీద తమ స్థానం, వేగం, దిశ తామే ప్రకటించుకునే వ్యవస్థ ఇది, అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నుల పైబడిన ఓడలన్నిటికీ, ప్రయాణికుల ఓడలన్నిటికీ తప్పనిసరి. ఇందులో స్థానం తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలరు, రేఖాంశం 181, అక్షాంశం 91 అని పంపుతారు, ఇలాంటి విలువ అసలు ఉండదు కాబట్టి తెలియదు అని అర్థం. అలాగే వేగం 102.3 అంటే తెలియదు, ఓడ ముక్కు దిశ 511 అంటే తెలియదు. ఇన్ఫోలో గరిష్ఠ విలువ 181 అని కనిపిస్తే ఆ వరసలు ముందే ఏరేయండి. వేగాన్ని బట్టి గీతకి రంగు వేస్తున్నప్పుడు 102.3 ఒక్కటి ఉన్నా చాలు, కలర్ స్కేల్ అంతా దానికోసం సాగిపోయి మిగతా ఓడలన్నీ ఒకే రంగులోకి వచ్చేస్తాయి.

మూడోది నాకు ఎక్కువ ఇష్టమైనది, ఎందుకంటే చూడగానే పట్టేయొచ్చు. జీపీఎస్ పరికరాలు బయటికి పంపే, ఎన్ఎంఈఏ అనే ప్రామాణిక ఫార్మాట్‌లో ఉన్న వాక్యాల్లో స్థానం దశాంశ డిగ్రీల్లో ఉండదు, డిగ్రీలు, నిమిషాలు అతుక్కుని ఉంటాయి. 3745.50 అంటే 37 డిగ్రీల 45.5 నిమిషాలు, అంటే 37.7583 డిగ్రీలు. దాన్ని వందతో భాగించి 37.455 అనుకుంటే ఓడ 18 నాటికల్ మైళ్లు పక్కకి జరిగిపోయింది. ఇంకా ఘోరం ఏంటంటే నిమిషాలు 59 దాటాక సున్నాకి వెళ్తాయి కాబట్టి ప్రతి డిగ్రీలోనూ 0.60 నుంచి 0.99 దాకా ఒక్క చుక్క కూడా ఉండదు, గీత డిగ్రీ డిగ్రీకీ ఒక గెంతు గెంతుతుంది. మొదట్లో చెప్పిన రంపం పళ్లు చాలాసార్లు ఇవే. జీఎంటీకి డిగ్రీ, నిమిషం, సెకను మధ్య కోలన్లు పెట్టి ఇచ్చినా అర్థమవుతుంది, కాబట్టి మార్చే పని పెద్దదేం కాదు, మార్చాలని గుర్తించడమే పెద్దది.

తేదీ, సమయం గురించి ఒక్క మాట. తేదీకి, సమయానికి మధ్య ఖాళీ ఉంటే జీఎంటీ వాటిని రెండు కాలమ్‌లుగా లెక్కేస్తుంది, అక్కడి నుంచి మిగతావన్నీ ఒక గడి పక్కకి జరుగుతాయి. మధ్యలో ఇంగ్లీషు టీ అక్షరం పెట్టండి, సమస్య తీరిపోతుంది.

రెండు చుక్కల మధ్య ఏ గీత?

ఇది వింటే అనవసరపు చర్చలా ఉంటుంది, రెండు చుక్కలు కలపడానికి గీత ఒకటే కదా అని. గోళం మీద కాదు. రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం మీద ఉంటుంది, ఇంగ్లీషులో గ్రేట్ సర్కిల్ అంటారు. దిక్సూచి కోణం మార్చకుండా వెళ్లే దారి వేరు, దాన్ని రంబ్ లైన్ అంటారు. 1569లో మెర్కేటర్ తయారుచేసిన ప్రొజెక్షన్ నావికులకి అంతగా నచ్చడానికి కారణం ఈ రెండో రకం దారి దాని మీద తిన్నని గీతగా రావడమే. టోక్యో, శాన్ ఫ్రాన్సిస్కో రెండూ దాదాపు ఒకే అక్షాంశంలో, 36, 38 డిగ్రీల దగ్గర ఉన్నాయి, మెర్కేటర్ మ్యాప్ మీద ఇంచుమించు అడ్డగీత గీసేయొచ్చు. మహావృత్తం మాత్రం మధ్యలో 48 డిగ్రీల దాకా ఎక్కి దిగుతుంది.

జీఎంటీలో ప్లాట్ కమాండ్ మీరేమీ చెప్పకపోతే మహావృత్తమే గీస్తుంది. పెద్ద ఏ ఆప్షన్ ఇస్తే మ్యాప్ మీద తిన్నని గీత గీస్తుంది, మెర్కేటర్ అయితే అదే రంబ్ లైన్. మరి ఏది సరైనది? ఏఐఎస్ డేటాలో చుక్కలు సెకన్ల తేడాతో, లేదా నిమిషాల తేడాతో ఉంటాయి, అక్కడ రెండింటికీ పెన్సిల్ మందం తేడా కూడా ఉండదు, బుర్ర పాడుచేసుకోవద్దు. రోజుకి ఒక్క చుక్క ఉన్న డేటాలో మాత్రం తేడా కనిపిస్తుంది, పైగా ఆటోపైలట్ మీద ఉన్న ఓడ కూడా మహావృత్తాన్ని అచ్చంగా అనుసరించదు, దాన్ని కొన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కా స్థిరమైన కోణంలో నడుపుతారు. కాబట్టి దూరం దూరంగా ఉన్న చుక్కలకి ఏ గీత గీసినా అది అంచనాయే. చుక్కలు కూడా కనిపించేలా గీతతో పాటు చిన్న గుర్తులు వేస్తే చూసేవాళ్లకి ఏది కొలిచిందో, ఏది పూడ్చిందో తెలుస్తుంది. ఇంత చిన్న పని చాలా మ్యాపుల్లో ఎవరూ చేయరు, ఎందుకో మరి.

పాత లాగ్‌బుక్కుల దగ్గర ఇది తీవ్రంగా ఉంటుంది. 1750 నుంచి 1850 దాకా బ్రిటిష్, డచ్, స్పానిష్, ఫ్రెంచ్ ఓడల లాగ్‌బుక్కుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన క్లివాక్ అనే డేటాబేస్ ఉంది, వాతావరణ చరిత్ర కోసం చేసింది. అందులో సాధారణంగా రోజుకి ఒకే స్థానం, మధ్యాహ్నానిది. రేఖాంశానికి సున్నా ఎక్కడన్నది కూడా ఓడకో తీరు: ఒకరికి పారిస్, ఒకరికి టెనెరీఫ్ దీవి. గ్రీన్‌విచ్‌ని అంతర్జాతీయంగా ఒప్పుకున్నది 1884లో. రేఖాంశాన్ని వేగం, గడిచిన సమయం బట్టి లెక్కేసుకుంటూ పోయేవాళ్లు, ఆ పొరపాటు రోజురోజుకీ పేరుకునేది, నేల కనిపించగానే ఒక్కసారిగా సరిచేసుకునేవాళ్లు. అలాంటి ట్రాక్‌లో తీరం దగ్గర కనిపించే గెంతుని చెత్త డేటా అని తీసేయకూడదు, నిజమైన స్థానం అక్కడే దొరికింది, తప్పు అంతకు ముందున్న చుక్కల్లో ఉంది.

180 దగ్గర గోడ

పసిఫిక్ దాటే ఓడ 179.9 తూర్పు నుంచి తర్వాతి చుక్కలో 179.9 పడమరకి వెళ్తుంది, ఫైల్‌లో అది 179.9 తర్వాత మైనస్ 179.9. లెక్కగా చూస్తే దాదాపు 360 డిగ్రీల తేడా, నిజంగా చూస్తే కొన్ని కిలోమీటర్లు. సాదా గ్రాఫ్ గీసే ప్రోగ్రామ్‌కి ఇది తెలియదు, మ్యాప్ అంతా అడ్డంగా గీసేస్తుంది. జీఎంటీకి తెలుసు, కానీ అది మ్యాప్ అని దానికి తెలిసినప్పుడే. ప్రొజెక్షన్‌గా మామూలు ఎక్స్ వై గ్రాఫ్ ఇచ్చి, ఇవి డిగ్రీలు అని చెప్పకపోతే దానికి ఇవీ ఉత్త అంకెలే, అదే గీత ఇక్కడా వస్తుంది. మెర్కేటర్‌లాంటి అసలు ప్రొజెక్షన్ ఇస్తే గుండ్రం సంగతి అదే చూసుకుంటుంది. ఇక చూపించే ప్రాంతాన్ని మైనస్ 180 నుంచి 180 దాకా అని ఇస్తే గీత సరిగ్గానే ఉంటుంది కానీ ప్రయాణం రెండు ముక్కలై ఒకటి కుడి అంచున, ఇంకోటి ఎడమ అంచున పడుతుంది. 120 నుంచి 250 దాకా అని ఇవ్వండి, పసిఫిక్ మధ్యకి వస్తుంది. ఫైల్‌లో ఉన్న మైనస్ విలువల్ని ముట్టుకోనక్కర్లేదు.

ధ్రువాల వైపు వెళ్లే ఓడలకి మెర్కేటర్ పనికిరాదు, 60 డిగ్రీల దగ్గరే దూరాలు రెట్టింపు కనిపిస్తాయి, ధ్రువం అయితే ఆ మ్యాప్‌లో అసలు ఉండదు. అంటార్కిటికా ట్రాక్‌లకి పోలార్ స్టీరియోగ్రాఫిక్ వాడండి, అది ధ్రువాన్ని మధ్యలో పెట్టి గీసే ప్రొజెక్షన్.

ఖాళీలు

ఇప్పుడు అసలు విషయం. తీరంలో ఉన్న ఏఐఎస్ రిసీవర్‌కి కొన్ని పదుల మైళ్ల దాకే వినిపిస్తుంది. ఓడ ఆ పరిధి దాటి, ద్వీపకల్పం చుట్టూ తిరిగి, మూడు రోజుల తర్వాత అవతలి వైపు రిసీవర్‌కి దొరికిందనుకోండి. ఫైల్‌లో ఆ రెండు చుక్కలూ పక్కపక్క వరసల్లో ఉంటాయి. ప్రోగ్రామ్ ద్వీపకల్పం మీదుగా గీత గీస్తుంది. ఎడారిలో ఓడ నడవడానికి కారణం ఇదే.

దీనికి జీఎంటీలో చిన్న జీ ఆప్షన్ ఉంది. వరుస చుక్కల మధ్య దూరం ఇన్ని కిలోమీటర్లు దాటితే గీత తెంపేయమని చెప్పొచ్చు, లేదా సమయం కాలమ్‌లో తేడా ఇంత దాటితే తెంపమనొచ్చు, రెండూ కలిపి కూడా పెట్టొచ్చు, మామూలుగా ఏ ఒక్కటి దాటినా తెగుతుంది. ఇంకో పద్ధతి, ఫైల్‌లోనే తెంపాల్సిన చోట గ్రేటర్ దేన్ గుర్తుతో మొదలయ్యే వరస పెట్టడం, జీఎంటీ దాన్ని కొత్త ముక్క మొదలు అని చదువుకుంటుంది. చాలా ఓడలు ఒకే ఫైల్‌లో ఉంటే ఓడకీ ఓడకీ మధ్య ఈ గుర్తు లేకపోతే మొదటి ఓడ చివరి చుక్క రెండో ఓడ మొదటి చుక్కకి అతుక్కుంటుంది.

హద్దు ఎంత పెట్టాలి అన్నదానికి ఒకే జవాబు లేదు, అందరికీ పనికొచ్చే అంకె చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. 15 నాట్ల వేగంతో వెళ్లే ఓడ గంటకి 15 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 28 కిలోమీటర్లు పోతుంది, ఒక నాటికల్ మైలు 1852 మీటర్లు కాబట్టి. ఇరుకు జలసంధిలో అరగంట ఖాళీ కూడా ఎక్కువే, అరగంటలో ఓడ ఒక దీవిని చుట్టేయగలదు. నడి సముద్రంలో, శాటిలైట్ పట్టుకున్న డేటాలో, మూడు నాలుగు గంటల ఖాళీ మామూలు, అక్కడ తెంపుతూ పోతే గీతే మిగలదు. నాకు నచ్చిన పద్ధతి రెండుసార్లు గీయడం: ముందు ట్రాక్ మొత్తాన్ని ఏమీ తెంపకుండా సన్నని బూడిద రంగు చుక్కల గీతగా, దాని మీద జీ ఆప్షన్ పెట్టి గట్టి రంగు గీతగా. డేటా ఉన్నచోట గట్టి గీత కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది, ఖాళీ ఉన్నచోట చుక్కల గీత బయటపడుతుంది. ఒక్క లైన్ అదనం, చూసేవాళ్లకి నిజం చెప్పినట్టు ఉంటుంది.

అబద్ధం చెప్పే చుక్కలు

ఖాళీ లేకపోయినా చుక్కే తప్పు కావచ్చు. ఏఐఎస్‌లో ప్రతి ఓడకీ ఎంఎంఎస్ఐ అని తొమ్మిది అంకెల నంబర్ ఉంటుంది, పరికరం బిగించినప్పుడు దాన్ని సరిగ్గా ఎక్కించాలి, అందరూ ఎక్కించరు. 123456789 లాంటి నంబర్‌తో రెండు మూడు ఓడలు ప్రపంచంలో వేర్వేరు చోట్ల తిరుగుతుంటే మీ ఫైల్‌లో అవన్నీ ఒకే ఓడ, గీత అట్లాంటిక్‌కీ పసిఫిక్‌కీ మధ్య పిచ్చిగా ఎగురుతుంది. ఇంకోటి, స్థానం చెప్పే ఏఐఎస్ మెసేజ్‌లో సమయం పూర్తిగా ఉండదు, నిమిషంలో ఎన్నో సెకను అన్నదొక్కటే ఉంటుంది. తేదీ, గంట, నిమిషం తగిలించేది రిసీవర్. ఒకే మెసేజ్‌ని రెండు రిసీవర్లు విని, వాటిలో ఒకదాని గడియారం వెనకబడి ఉంటే చుక్కలు ముందువెనకలవుతాయి, ఓడ ముందుకీ వెనక్కీ ఊగినట్టు కనిపిస్తుంది. సమయం ప్రకారం సార్ట్ చేయడం, ఒకే వరస రెండుసార్లు ఉంటే తీసేయడం గీయడానికి ముందే జరగాలి, అయినా గడియారం తప్పుని సార్టింగ్ సరిచేయదు.

అందుకే వేగం పరీక్ష ఒకటి పెట్టుకోవడం మంచిది. మ్యాప్‌ప్రాజెక్ట్ అనే కమాండ్ ట్రాక్ వెంబడి చుక్కకీ చుక్కకీ దూరం లెక్కేసి ఇస్తుంది, దాన్ని సమయం తేడాతో భాగిస్తే వేగం. సరుకు ఓడ 60 నాట్ల వేగంతో వెళ్లిందని వస్తే రెండు చుక్కల్లో ఒకటి అబద్ధం. ఏది అన్నది పక్క చుక్కలు చూస్తేగానీ తెలియదు, గుడ్డిగా రెండోదాన్నే తీసేసే స్క్రిప్టులు ఉంటాయి, మొదటి చుక్కే తప్పయితే అవి ట్రాక్ మొత్తం ఊడ్చేస్తాయి.

కొన్నిసార్లు ఓడ నిజాయితీగానే తప్పు చెప్తుంది. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో రష్యా తీరం దగ్గర ఉన్న ఓడలు కొన్ని తాము గెలెంజిక్ విమానాశ్రయంలో ఉన్నట్టు ప్రకటించుకున్నాయి, ఎవరో జీపీఎస్ సిగ్నల్‌ని ఏమార్చడం వల్ల. అక్కడ ఏఐఎస్ పరికరం బాగానే ఉంది, దానికి అందిన స్థానమే దొంగది.

నేల మీద పడిన చుక్కల్ని ఏరేయడానికి జీఎంటీ సెలెక్ట్ కమాండ్ ఉంది, సముద్రంలో ఉన్నవే ఉంచు అంటే ఉంచుతుంది. జాగ్రత్త. దాని దృష్టిలో నేల, నీరు అంటే జీఎస్‌హెచ్‌హెచ్‌జీ అనే తీరరేఖల డేటాయే, దాన్ని కూడా వెస్సెల్, స్మిత్‌లే 1996లో తెచ్చారు. అందులో ఐదు మెట్లు ఉన్నాయి: ఫుల్, హై, ఇంటర్మీడియట్, లో, క్రూడ్. ఒక్కో మెట్టు దిగితే దాదాపు 80 శాతం వివరం పోతుంది, క్రూడ్‌లో 25 కిలోమీటర్ల వంపులు కూడా సాఫైపోతాయి. లో పెట్టి ఏరితే రేవుల్లో ఉన్న ఓడలన్నీ నేల మీద ఉన్నట్టే లెక్క, మీ ట్రాక్‌లు బయలుదేరిన చోటూ చేరిన చోటూ లేకుండా మిగులుతాయి. ఫుల్ పెట్టినా కొత్తగా కట్టిన రేవులు, సముద్రం పూడ్చి తీసిన నేల అందులో ఉండవు, నదుల్లో లోపలికి వెళ్లిన ఓడలు నేల మీదే కనిపిస్తాయి. కాబట్టి గీసిన బొమ్మలో ఓడ రేవు దగ్గర కొంచెం నేల ఎక్కినట్టుంటే ముందు తీరరేఖని అనుమానించండి, ఓడని తర్వాత.

పరిశోధన ఓడలు, పాత ట్రాక్‌లు

సముద్ర శాస్త్రవేత్తల ప్రపంచంలో ట్రాక్ అంటే స్థానం ఒక్కటే కాదు, దాని వెంబడి కొలిచిన లోతు, గురుత్వాకర్షణ, అయస్కాంత క్షేత్రం కూడా. వీటిని ఇచ్చిపుచ్చుకోవడానికి ఎంజీడీ77 అనే ఫార్మాట్ ఉంది, పేరులోనే సంవత్సరం ఉంది, వరసకి 120 అక్షరాలు. దీనికోసమే జీఎంటీలో ఎంజీడీ77ట్రాక్ అనే కమాండ్ విడిగా ఉంది. ప్రయాణం పేరు ఇస్తే చాలు, గీత గీసి, దాని మీద ఇన్ని గంటలకో గుర్తు, ఇన్ని కిలోమీటర్లకో గుర్తు వేసి, తేదీ రాస్తుంది. మామూలు ప్లాట్‌తో ఇదంతా చేయాలంటే చాలా తంటాలు పడాలి. ట్రాక్ మీద సమయం గుర్తులు లేకపోతే ఓడ ఎటునుంచి ఎటు వెళ్లిందో కూడా బొమ్మ చెప్పదు, ఈ చిన్న విషయం చాలామంది ఆలోచించరు.

జీపీఎస్ రాకముందు ఈ ఓడలు ట్రాన్సిట్ అనే నావిగేషన్ ఉపగ్రహాల మీద ఆధారపడేవి, అవి తలమీదుగా వెళ్లినప్పుడే స్థానం దొరికేది, మధ్య గంటల్లో వేగం, దిశ బట్టి అంచనా. ఆ తప్పులు ఎంతో ఎలా తెలుస్తుంది? రెండు ప్రయాణాల ట్రాక్‌లు ఒకదాన్నొకటి దాటిన చోట రెండింటి లోతూ ఒకటే కావాలి కదా, కాకపోతే ఆ తేడానే తప్పు. దీన్ని క్రాసోవర్ ఎర్రర్ అంటారు, ఎక్స్2సిస్ అనే టూల్స్ గుంపు ఈ దాటిన చోట్లు వెతికి తేడాలు లెక్కేస్తుంది. నా దృష్టిలో జీఎంటీ మొత్తంలో అతి తెలివైన ఆలోచన ఇదే, సముద్రంలోకి మళ్లీ వెళ్లకుండానే పాత డేటా నాణ్యత తేల్చేస్తుంది.

ట్రాక్‌లు లేనిచోటు కూడా సమాచారమే. 2014లో ఎంహెచ్370 విమానం కనిపించకుండా పోయినప్పుడు దక్షిణ హిందూ మహాసముద్రంలో వెతకాల్సి వచ్చింది. అప్పుడు వాల్టర్ స్మిత్, ఆయన తోటి పరిశోధకురాలు కరెన్ మార్క్స్ ఆ ప్రాంతంలో ఓడలు నేరుగా లోతు కొలిచిన చోట్లు ఎన్నో చూస్తే, దాదాపు 5 శాతం విస్తీర్ణానికే కొలతలున్నాయని తేలింది. మిగతా అంతా ఉపగ్రహాలు కొలిచిన సముద్రమట్టం బట్టి వేసిన అంచనా. రంగులద్దిన సముద్రగర్భం మ్యాప్ చూస్తే అంతా కొలిచేసినట్టే ఉంటుంది, దాని మీద ఓడల ట్రాక్‌లు గీస్తేనే ఎక్కడ కొలిచారో, ఎక్కడ ఊహించారో బయటపడుతుంది.

గీతలు ఎక్కువైతే

పది ఓడలైతే పది రంగులు. పదివేల ఓడలైతే గీతలన్నీ కలిసి నల్లటి ముద్ద. అప్పుడు గీతలు మానేసి ప్రాంతాన్ని చిన్న గడులుగా కోసి ఒక్కో గడిలో ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టి రంగు వేస్తారు, జీఎంటీలో ఎక్స్‌వైజడ్2జీఆర్‌డీ ఆ లెక్క పెట్టగలదు. బొమ్మ చాలా అందంగా వస్తుంది, అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు. ఏఐఎస్ ఉన్న పెద్ద ఓడలు 23 నాట్లు దాటితే 2 సెకన్లకోసారి, 14 నుంచి 23 మధ్య 6 సెకన్లకోసారి, 14 లోపు 10 సెకన్లకోసారి, లంగరు వేసి ఉంటే 3 నిమిషాలకోసారి మెసేజ్ పంపుతాయి, మలుపు తిరిగేటప్పుడు ఇంకా ఎక్కువ. అంటే చుక్కల సంఖ్య ఓడల సంఖ్య కాదు. లంగరు వేసి వారం రోజులు కదలకుండా ఉన్న ఒక్క ఓడ, మూడు నిమిషాలకోసారి చొప్పున, ఒకే గడిలో మూడు వేలకి పైగా చుక్కలు వేస్తుంది, అదే గడిలోంచి నిమిషంలో దూసుకుపోయిన ఓడ ముప్పై వేయొచ్చు. పైగా రిసీవర్ దగ్గరున్న గడులకి మెసేజ్‌లన్నీ అందుతాయి, దూరం గడులకి కొన్నే.

ఓడలెన్ని వెళ్లాయో కావాలంటే ఒక్కో గడిలో, ఒక్కో రోజుకి, వేర్వేరు ఎంఎంఎస్ఐలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి, ఇది డేటాబేస్‌లోనో చిన్న స్క్రిప్ట్‌లోనో చేసుకుని, తేలిన అంకెల్ని మాత్రమే జీఎంటీకి ఇవ్వాలి. ఎంత సేపు ఉన్నాయో కావాలంటే చుక్కకీ చుక్కకీ మధ్య గడిచిన సమయాన్ని గడిగడికీ కూడాలి, అక్కడ మళ్లీ ఖాళీల హద్దు పెట్టుకోకపోతే మూడు రోజులు కనిపించని ఓడ ఆ మూడు రోజులూ చివరిసారి కనిపించిన గడిలోనే ఉందని లెక్క తేలుతుంది.